అరటికాయ నలుపు నుంచి ఐరన్ మాత్ర దాకా

పచ్చి అరటికాయను ఇనుప కత్తిపీట మీద తరిగే అలవాటున్న కోనసీమ ఇళ్లలో ఆ నలుపు అందరికీ తెలిసినదే. నాలుగు కాయలు తరిగేసరికి కత్తి అంచు నీలి నలుపుకు తిరుగుతుంది, వేళ్లకూ అంటుకుంటుంది. కాస్త చింతపండుతో రుద్దితే కత్తి మళ్లీ తెల్లబడుతుంది. కాయకు వగరునిచ్చే టానిన్లు ఫినాల్ జాతి పదార్థాలు. బెంజీన్ వలయానికి నేరుగా అతుక్కున్న హైడ్రాక్సిల్ సమూహమే ఫినాల్ లక్షణం. అటువంటివి రెండు పక్కపక్కనే ఉన్నప్పుడు వాటి ఆక్సిజన్లు రెండూ కలిసి ఒకే ఇనుప అయానును పీత డెక్కతో పట్టినట్లు పట్టుకుంటాయి. ఆ పట్టు గట్టిపడాలంటే ఫినాల్ ముందుగా తన ప్రోటాన్లను (హైడ్రజన్ అయాన్లను) వదులుకోవాలి. ఆమ్లం తగిలినప్పుడు ప్రోటాన్లు తిరిగి వచ్చి ఆ ఆక్సిజన్లను ఆక్రమిస్తాయి, పైగా చింతపండులోని టార్టారిక్ ఆమ్లం తానూ ఇనుమును లాక్కుంటుంది. అందువల్లనే ఆ నలుపు వదులుతుంది.

తరిగిన ముక్కలు గాలికి రంగు మారడంలో మాత్రం రాగికి పాత్ర ఉంది, ఎందుకంటే ఫినాళ్లను ఆక్సీకరించే ఎంజైములో రెండు రాగి పరమాణువులుంటాయి. చెరువులో పట్టిన రొయ్యలను ఐసులో వేయడం ఆలస్యమైతే తల దగ్గర పడే నల్లమచ్చలు కూడా ఆ కోవ ఎంజైము పనే.

కత్తి మీద జరిగేదే పేగులోనూ జరుగుతుంది. జీర్ణాశయంలోని ఆమ్లం ఈ పట్టును సడలించినా, ఇనుము ఒంటికి పట్టవలసిన చిన్నపేగు మొదటి భాగంలో ఆమ్లత్వం తగ్గిపోతుంది కాబట్టి, అన్నంతోపాటు టీ తాగినవారి కడుపులో టానిన్లు అక్కడ ఇనుమును మళ్లీ బిగించి పట్టి, బయటికి పంపేస్తాయి. భోజనంతో టీ తీసుకున్నప్పుడు ఇనుము శోషణ సగానికి పైగా తగ్గినట్లు ప్రయోగాల్లో తేలింది. మాంసంలోని హీమ్ ఇనుము వేరే వలయంలో భద్రంగా ఉంటుంది గనుక దానికి ఈ బెడద తక్కువ. అన్నం, పప్పు, ఆకుకూరల మీద ఆధారపడినవారికే ఎక్కువ. గ్రీన్ టీలోని ఫినాళ్ల గొప్పతనాన్ని పొగిడే ప్రకటనలు ఈ సంగతి ఎత్తవు.

గర్భిణులకు ఆశా కార్యకర్తలు అందించే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. దాన్ని టీతో మింగితే సగం శ్రమ వృథా. మాత్రకూ టీకీ మధ్య గంటో రెండు గంటలో ఎడం ఉంచి, నిమ్మరసంతో వేసుకోవడం మేలు; విటమిన్ సి ఇనుమును ఫెర్రస్ (రెండు ధనావేశాలున్న) రూపంలోకి మారుస్తుంది, ఆ రూపం మీద ఫినాళ్ల పట్టు బలహీనం. డాక్సీసైక్లిన్ వంటి టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్ మందుల్లోనూ లోహాన్ని పట్టే ఆక్సిజన్లున్నాయి కాబట్టి, వాటిని ఐరన్ మాత్రతో కలిపి మింగితే రెండూ సరిగా ఒంటబట్టవు.

ఇంతకూ ఈ పట్టును చెడ్డదనలేము. మన రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ ప్రోటీను కూడా టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలు రెండింటి ఫినాల్ ఆక్సిజన్ల సాయంతో దాన్ని పట్టి ఉంచుతుంది. ఈ-కోలి బాక్టీరియా అక్కడితో ఆగక, మూడు కాటెకాళ్లు (పక్కపక్కనే రెండు హైడ్రాక్సిళ్లున్న ఫినాళ్లు) గల ఎంటెరోబాక్టిన్‌ను తయారుచేసి, ఆరు ఆక్సిజన్లతో ఇనుమును చుట్టేసి మన దగ్గర నుంచి ఎత్తుకుపోతుంది. మన శరీరం సైడెరోకాలిన్ అనే ప్రోటీనుతో ఆ దొంగసొత్తును దారిలోనే పట్టుకుంటుంది. నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచింది సెఫిడెరోకాల్. 2019లో అమెరికాలో అనుమతి పొందిన ఈ యాంటీబయాటిక్‌కు కాటెకాల్ తగిలించారు. ఇనుము వచ్చిందనుకుని బాక్టీరియా తానే దాన్ని లోపలికి లాక్కుంటుంది.

పుట్టుకతో వచ్చే రక్తహీనత వల్ల తరచూ రక్తం ఎక్కించవలసిన తలసీమియా పిల్లల సమస్య దీనికి తిరగబడ్డది. ఎక్కించే ప్రతి రక్తపు సంచితో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరుతుంది, దాన్ని వదిలించుకునే మార్గం శరీరానికి లేదు. ఇది నేరుగా రక్తంలోకి వచ్చి గుండెలో, కాలేయంలో పేరుకున్న ఇనుము కనుక, పేగులో పనిచేసే టీ దీన్ని తీసివేయలేదు. 2005లో అమెరికాలో అనుమతి పొందిన డిఫెరాసిరాక్స్ మాత్రలో రెండు ఫినాళ్లుంటాయి. రెండు అణువులు కలిసి ఒక ఇనుప అయానును పట్టి, ఎక్కువగా మలం ద్వారా బయటికి చేరుస్తాయి. మూత్రపిండాలకు, కాలేయానికి హాని కలిగే అవకాశం ఉన్నందువల్ల, ఈ మందు వాడే పిల్లలకు ఆ అవయవాల పరీక్షలు క్రమం తప్పకుండా చేయించాలి.