రణథంబోర్‌లో ఒక రోజు: పొద్దున అడవి, మధ్యాహ్నం కోట

గురువారం, జనవరి. సవాయి మాధోపూర్, రాజస్థాన్.

పొద్దున్నే గడ్డకట్టే చలి. జనవరిలో ఇక్కడ తెల్లవారుజామున ఐదారు డిగ్రీలకు దిగుతుంది. పైకప్పు లేని జిప్సీ జీపు కదిలిందంటే గాలి మొహాన్ని కోసేస్తుంది. హైదరాబాద్ చలికి కొన్న స్వెటర్ ఇక్కడ బనీను కింద లెక్క. మంకీ క్యాప్, చేతి తొడుగులు, ఒళ్లో పరుచుకోవడానికి హోటల్ రగ్గు ఉండాల్సిందే. తొమ్మిదింటికల్లా ఎండ చురుక్కుమంటుంది కాబట్టి ఒకే మందపాటి కోటు కంటే ఒక్కొక్కటే విప్పుకునేలా రెండు మూడు పొరలు వేసుకోవడం మేలు.

పులుల సఫారీ టికెట్ల సంగతి. జిప్సీలో ఆరుగురు, క్యాంటర్ అనే పెద్ద బండిలో ఇరవై మంది. అడవిలో మొత్తం పది జోన్లు. ఏ జోన్‌కి బుక్ చేశామో అందులోనే తిరగాలి, పక్క జోన్‌లో పులి కనబడిందని కబురొచ్చినా బండి అటు పోదు. గుర్తింపు కార్డు అసలుదే చేతిలో ఉండాలి. అన్నయ్య పేరున ఉన్న టికెట్ మీద తమ్ముడు వెళ్దామంటే గేటు దగ్గరే ఆపేస్తారు. ఒకటి నుంచి ఐదు జోన్లు జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా మూత. క్యాంటర్ చివరి వరుస వద్దు: గుంతల్లో నడుము విరుగుతుంది, దుమ్మంతా అక్కడికే చేరుతుంది.

మూడో జోన్ గేటు కోట పాదాల దగ్గరే, జోగీ మహల్ పక్కన. లోపలికి వెళ్లగానే పదమ్ తలావ్, ఆ తర్వాత రాజ్‌బాగ్. చెరువు గట్టున పాడుబడిన మంటపాల్లో నీడ దొరుకుతుంది, నీళ్లలో కణితులు మెడలోతున నిలబడి నాచు మేస్తుంటాయి, పక్కనే మొసళ్లు. పులికి ఇంతకంటే ఏం కావాలి? 2016 ఆగస్టులో చనిపోయిన మఛ్లీ అనే ఆడపులి ఏలిన చోటు ఇదే. మొసలిని చంపిన పులిగా దాని ఫొటోలు లోకమంతా తిరిగాయి.

చుట్టూ కొండలనిండా ధోక్ చెట్లు, మన నల్లమల చిరుమానుకు దగ్గరి చుట్టాలు. ఈ కాలంలో ఆకులు ముదురు రంగు తిరిగి రాలుతుంటాయి, గడ్డి మాత్రం ఇంకా ఎత్తుగానే ఉంటుంది. పది అడుగుల దూరంలో పులి పడుకున్నా కనబడదు. ఏప్రిల్, మే నెలల్లో గడ్డి ఎండి, నీళ్లు నాలుగు మడుగులకు కుదించుకుపోతాయి కనుక అప్పుడు పులి కనబడే అవకాశం ఎక్కువ. ఆ ఎండకు తట్టుకోవడం వేరే సంగతి.

పులిని వెతకాల్సింది చెవులతో. బండి ఆగగానే ఇంజిన్ ఆపించి, మాటలు మాని వినాలి. దుప్పి అరుపును పూర్తిగా నమ్మకూడదు, అది ఉత్త అలికిడికి కూడా బెదురుతుంది. కొండముచ్చు చెట్టు కొస నుంచి ఒకే వైపు చూస్తూ ఖణేల్‌మంటుంటే ఆలోచించాలి. కణితి తోక నిక్కించి, గంట కొట్టినట్టు ఆగి ఆగి అరిస్తే పులి దగ్గర్లో ఉన్నట్టే, అక్కణ్ణించి కదలకూడదు. అడుగుజాడల విషయానికొస్తే, అంచులు పదునుగా ఉంటే తాజావి. వాటి మీద టైరు గుర్తు పడిందంటే పులి ఎప్పుడో వెళ్లిపోయింది. గుండ్రంగా, వెడల్పుగా ఉంటే మగది, కాస్త పొడవుగా ఉంటే ఆడది అని గైడ్లు చెబుతారు.

ఇవాళ జాడ ఉంది, పులి లేదు. ఫర్వాలేదు, కోట ఎక్కడికీ పోదు.

కోటకి సఫారీ టికెట్ అక్కర్లేదు. స్టేషన్ నుంచి పధ్నాలుగు కిలోమీటర్లలోపే, జీపులు దొరుకుతాయి. నిన్న బుధవారం, గణపతి వారం. కోటలోని త్రినేత్ర గణేశుడి భక్తులతో దారంతా కిక్కిరిసిపోతుంది కాబట్టి గురువారం పెట్టుకోవడమే నయం. ఇక్కడ స్వామి భార్యలు రిద్ధి, సిద్ధి, కొడుకులు శుభ్, లాభ్‌లతో కుటుంబ సమేతంగా కొలువున్నాడు. పెళ్లి పెట్టుకున్నవాళ్లు మొదటి శుభలేఖను ఆయన పేరునే పోస్టు చేస్తారు, పోస్ట్‌మ్యాన్ తెచ్చి గుడిలో ఇస్తాడు. ప్రసాదం సంచి చేతిలో వేలాడేసుకుని నడిస్తే కొండముచ్చులు లాక్కుంటాయి. బ్యాగులో పెట్టి జిప్ వెయ్యాలి.

నౌలఖా, హాథీ, గణేశ్, అంధేరీ: ఎక్కే దారిలో నాలుగు పోల్‌లు, అంటే ద్వారాలు. మెట్లు నిటారు, రాళ్లు అరిగి నున్నబడ్డాయి, చెప్పుల కంటే బూట్లు మంచివి. ఢిల్లీ సుల్తాన్ సైన్యం మీద తిరగబడ్డ మంగోలులకు ఆశ్రయమిచ్చి, అప్పగించనన్నాడు ఈ కోట రాజు హమ్మీర్ చౌహాన్. సుల్తాన్ అలాఉద్దీన్ ఖిల్జీ పంపిన సేనాని నుస్రత్ ఖాన్ కోట మీంచి విసిరిన రాయి తగిలి చచ్చాడు. చివరికి సుల్తానే స్వయంగా వచ్చి, ఇసుక సంచులతో కందకం పూడ్పించి, 1301లో గెలిచాడు. ఆ ముట్టడిలోని ఇంకో సేనాని ఉలుగ్ ఖాన్, సుల్తాన్ తమ్ముడు. 1323లో మన ఓరుగల్లును పట్టుకున్న ఉలుగ్ ఖాన్ వేరు, అతను తుగ్లక్. పేరు ఒకటే కావడంతో చాలామంది తికమకపడతారు. ఖిల్జీ సైన్యం మాత్రం ఓరుగల్లుకూ వచ్చింది, సేనాని మాలిక్ కాఫుర్ వెంట, 1310లో.

ఎక్కువమంది గుడి చూసి దిగిపోతారు. అది పొరపాటు. ముప్పై రెండు స్తంభాల ఛత్రీ మంటపం దాటి, పదమ్ తలావ్ వైపు గోడ దగ్గరికి వెళ్లాలి, బైనాక్యులర్ ఉంటే మరీ మంచిది. పొద్దున జిప్సీలో గడ్డి అడ్డొచ్చి పూర్తిగా కనబడని చెరువు ఇక్కణ్ణించి అరచేతిలో గీసినట్టు కనిపిస్తుంది. కొన్నిచోట్ల పిట్టగోడ లేదు, పిల్లల చెయ్యి వదలకూడదు.

రేపు మధ్యాహ్నం ట్రిప్పు నాలుగో జోన్, మలిక్ తలావ్ వైపు. దుమ్ముకు ముక్కుకి కట్టుకోవడానికి తడిగుడ్డ, బ్యాగు పైజేబులో.