వారానికొక గ్రాఫు: పెంగ్విన్ల నుంచి గోదావరి వరద దాకా

వృత్తిరీత్యా నేను గణాంకవేత్తను. పగలంతా పట్టికలతోనే గడుస్తుంది కాబట్టి, రాజమహేంద్రవరంలో ఇంటి దగ్గర తీరిక దొరికిన సాయంత్రాలు మళ్లీ అంకెల ముందే కూర్చుంటానంటే చూసేవారికి వింతగానే ఉంటుంది. కాని వారానికొక గ్రాఫు ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో గీయడం నాకు పని కాదు, సరదా. దీనికి ఊతం 2018లో మొదలైన టైడీ ట్యూస్‌డే. అందులో వారం వారం ఒక కొత్త డేటాను అందరికీ అందుబాటులో ఉంచుతారు; ఎవరికి తోచిన గ్రాఫు వారు గీసి, కోడుతో సహా పంచుకుంటారు. పోటీ లేదు, మార్కులు లేవు.

గీసే పనిముట్టు జీజీప్లాట్2. లీలండ్ విల్కిన్సన్ ప్రతిపాదించిన గ్రాఫుల వ్యాకరణాన్ని ఆధారంగా చేసుకొని హాడ్లీ వికమ్ రూపొందించిన ప్యాకేజీ, అంటే ఆర్‌కు జోడించుకునే సాఫ్ట్‌వేర్, ఇది. అడ్డ అక్షం మీదికి ఏ నిలువరుస వెళ్లాలో, నిలువు అక్షం మీదికి ఏది వెళ్లాలో, రంగు దేన్ని సూచించాలో చెప్పి, దానిపై చుక్కలో గీతలో కడ్డీలో పొరలు పొరలుగా వేసుకుంటూ పోవాలి. ఇందులో పై చార్టు (వృత్తాన్ని ముక్కలుగా కోసి వాటాలు చూపే బొమ్మ) అనే ప్రత్యేక జాతి లేదు. పేర్చిన కడ్డీని ధ్రువ నిరూపకాల్లోకి, అంటే వృత్తాకారంలోకి, వంచితే వచ్చేదే పై చార్టు. ఈ సంగతి తెలిశాక నాకు దాని మీద ఉన్న కాస్త గౌరవమూ పోయింది.

2020 జులైలో వచ్చిన పెంగ్విన్ల డేటా నాకు బాగా గుర్తుండిపోయింది. అంటార్కిటికాలోని పామర్ స్టేషన్ పరిసరాల్లో కొలిచిన 344 పెంగ్విన్ల వివరాలు అందులో ఉన్నాయి. ముక్కు పొడవును అడ్డంగా, ముక్కు మందాన్ని నిలువుగా తీసుకొని అన్నిటికీ కలిపి ఒకే సరళరేఖ వేస్తే అది కిందికి వాలుతుంది. అడేలీ, చిన్‌స్ట్రాప్, జెంటూ అనే మూడు జాతులకూ మూడు రంగులిచ్చి విడివిడిగా వేస్తే మూడు రేఖలూ పైకి లేస్తాయి. దీన్నే సింప్సన్ వైరుధ్యం అంటారు. తరగతిలో బోర్డు మీద దీన్ని వివరించడానికి ఒక పీరియడు పడుతుంది. ఇక్కడ రంగు గురించిన ఒక్క మాట చేర్చగానే కళ్లెదుట తేలిపోతుంది. దేన్ని దేనితో పోల్చాలన్న నిర్ణయం మాత్రం సాఫ్ట్‌వేర్ చేయదు. నా సరదా అంతా ఆ నిర్ణయంలోనే ఉంది.

ఆ నిర్ణయం ఎంత చిక్కుగా ఉంటుందో గోదావరి డేటా చేతికి తీసుకుంటే తెలుస్తుంది. వరద రోజుల్లో డెల్టాలో రెండు అంకెలు అందరి నోటా వినిపిస్తాయి: భద్రాచలంలో ఎన్ని అడుగులు, ధవళేశ్వరంలో ఎన్ని లక్షల క్యూసెక్కులు (సెకనుకు పారే ఘనపుటడుగుల నీరు). భద్రాచలంలో 43, 48, 53 అడుగుల వద్ద వరుసగా మూడు ప్రమాద హెచ్చరికలు జారీ అవుతాయి. అక్కడ 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు నమోదయ్యాయి. వీటిని సున్నా నుంచి లేచే కడ్డీలుగా గీస్తే రెండు వరదలూ కవలల్లా కనిపిస్తాయి. ధవళేశ్వరం వద్ద ప్రవాహం మాత్రం 1986లో 35 లక్షల క్యూసెక్కులు, 2022లో 25 లక్షల పైచిలుకు. గేజి మీద సున్నా అంటే నదిలో నీరు లేదని కాదు, కొలత కోసం పెట్టుకున్న గుర్తు మాత్రమే. క్యూసెక్కుల సున్నా నిజమైన సున్నా. అందువల్ల క్యూసెక్కులకు కడ్డీలు తగును, అడుగులకు తగవు. అడుగులను మూడో హెచ్చరిక నుంచి లెక్కించి, ఒకసారి 22.6 అడుగులు, మరొకసారి 18.3 అడుగులు పైకి వచ్చిందని చూపడమే న్యాయమని నా అభిప్రాయం.

రెండు కొలతలనూ ఒకే గ్రాఫులో కుడి ఎడమల రెండు అక్షాలతో చూపాలన్న కోరిక ఎవరికైనా కలుగుతుంది. అయితే ఒక అక్షాన్ని కాస్త సాగదీసినా, కిందికి జరిపినా రెండు గీతలూ మనకు కావలసిన చోట కలుసుకుంటాయి. వికమ్‌కు ఇటువంటి గ్రాఫులంటే పడదు. జీజీప్లాట్2లో రెండో అక్షం మొదటిదానికి రూపాంతరంగా మాత్రమే దొరుకుతుంది. నేను ఒకే కాలరేఖ కింద రెండు ప్యానెళ్లు ఒకదాని కింద ఒకటి వేస్తాను. భద్రాచలం శిఖరానికీ ధవళేశ్వరం శిఖరానికీ మధ్య గడిచే సమయం అందులో దానంతట అదే కనిపిస్తుంది.

కోనసీమ లంకలో అరటి వేసే మా పెదనాన్నగారికి అదీ సరిపోలేదు. "ఎంత ఉందో టీవీలో చెబుతూనే ఉన్నారు గాని, పైన తగ్గుముఖం పట్టిందా లేదా, అది చెప్పమ్మా" అన్నారు. ఆ ప్రశ్నకు నీటిమట్టం చాలదు, గంటగంటకూ అది ఎంత మారుతోందో కావాలి. మూడో ప్యానెల్ దానికోసమే: పెరిగితే సున్నాకు పైన ఒక రంగు, తగ్గితే కింద ఇంకో రంగు.

తెలుగులో పేర్లు వేయడం వేరే తలనొప్పి. అక్షరాలను కూర్చడం తెలియని చోట ఒత్తులు, గుణింతాలు విడిపోయి "ధవళేశ్వరం" చదవలేనట్లు తయారవుతుంది. రాగ్ అనే ప్యాకేజీ ద్వారా బొమ్మను భద్రపరిస్తే ఈ బాధ తప్పుతుంది. అంకెలకు మూడేసి స్థానాలకు కామా పెట్టడమే ఆర్‌లో రివాజు కాబట్టి, నేను అన్నిటినీ లక్షతో భాగించి అక్షం పక్కన "లక్షల క్యూసెక్కులు" అని రాసేస్తాను.

ప్రస్తుతం చేతిలో ఉన్నది జిల్లాలవారీ వరి సాగు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. తూర్పు గోదావరి పేరు మిగిలింది గాని కాకినాడ, కోనసీమ విడిపోయాయి. అవతలి ఒడ్డున పశ్చిమ గోదావరిలో ఉన్న కొవ్వూరు, నిడదవోలు తూర్పు గోదావరిలో చేరాయి. పేరు ఒకటే కదా అని గీతను ఆపకుండా లాగితే, లేని పతనం ఒకటి గ్రాఫులో పుట్టుకొస్తుంది. మండలాలవారీ లెక్కలు దొరికిన సంవత్సరాలకు పాత హద్దుల ప్రకారం కూడి గీస్తున్నాను. దొరకని చోట గీతను 2022 దగ్గర తెంచి, కొత్త జిల్లాలను పక్క ప్యానెల్‌లో మొదలుపెడుతున్నాను.