మా ఫ్రిజ్‌లో గ్రీన్ సీజనింగ్ సీసా

మా ఫ్రిజ్‌లో ఆవకాయ పక్కన ఎప్పుడూ ఒక పచ్చటి సీసా ఉంటుంది. అది మా అత్తగారి గ్రీన్ సీజనింగ్, అంటే పచ్చి ఆకులతో చేసే మసాలా ముద్ద. ఆవిడది వెస్టిండీస్ దీవి ట్రినిడాడ్‌లోని కువా, ఒకప్పుడు చుట్టూ చెరకు తోటలే ఉండే ఊరు. మా పిల్లలు ఆవిడను ఆజీ అంటారు. అక్కడ భారత సంతతి ఇళ్లలో నాయనమ్మను పిలిచేది అలాగే. కాకినాడలో ఉండే మా అమ్మేమో అమ్మమ్మ. మేముండేది న్యూయార్క్‌లోని క్వీన్స్. కాబట్టి పిల్లలకు కాకినాడైనా కువా అయినా సెలవుల్లో వెళ్లే ఊళ్లే.

ఆ సీసాలో అన్నిటికంటే ముఖ్యమైనది షాడో బెనీ. పొడుగాటి ఆకు, అంచులు రంపపు పళ్లలా ఉంటాయి. వాసన కొత్తిమీరదే, కానీ చాలా ఘాటు. ఆకు కోసిన చెయ్యి సబ్బుతో కడిగినా ఆ వాసన ఓ పట్టాన పోదు. దానికి థైమ్ అనే సన్నటి వాసనాకు, చైవ్ అనే సన్నటి ఉల్లికాడలు, దండిగా వెల్లుల్లి, పిమెంటో మిరపకాయలు కలుపుతారు. ఈ పిమెంటోల్లో కారం దాదాపు ఉండదు, వాసన కోసమే వేస్తారు. కారం కావాలంటే ఒక కాంగో మిరపకాయ చాలు. చివర్లో స్పానిష్ థైమ్ ఆకులు కొన్ని. పేరు విని ఏదో విదేశీ ఆకు అనుకుంటాం కానీ, అది మన వాము ఆకే. మా అమ్మ పెరట్లో బజ్జీలకు కోసేది కూడా ఆ మొక్కనే. మా వంటింటి కిటికీలో దాని కుండీ ఉంది. మిగతావి రిచ్‌మండ్ హిల్‌లో, లిబర్టీ అవెన్యూ మీద గయానా, ట్రినిడాడ్ వాళ్ల కొట్లలో దొరుకుతాయి.

ఆజీ మిక్సీలోనే తిప్పుతుంది కానీ మెత్తగా కానివ్వదు, ఆకు పలుకు కంటికి కనిపించాలంటుంది. చికెన్‌ను నిమ్మరసంతో కడిగి, ఈ ముద్ద పట్టించి రాత్రంతా ఉంచుతుంది. మర్నాడు కర్రీ పొడిని కాసిని నీళ్లలో కలిపి కాగిన నూనెలో వేస్తుంది. పచ్చివాసన పోయి నూనె తేలేదాకా గరిటె ఆపకూడదు. ఆ తర్వాతే చికెన్. దించేముందు వేయించి దంచిన జీలకర్ర, వాళ్ల మాటలో గీరా. మా పాపకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. నూనె ఎప్పుడు తేలిందో స్టవ్ దగ్గర నిలబడి అదే చెప్పేస్తుంది. బాబు ఇంకా చిన్నవాడు, వాడికి పప్పన్నం ఉంటే చాలు. ఆజీ కూడా పప్పుగుత్తితోనే పప్పు మెదిపి, వెల్లుల్లి, జీలకర్ర మాడేదాకా కాచిన నూనె అందులో పోస్తుంది కాబట్టి వాడికి ఏ ఊళ్లోనూ ఇబ్బంది లేదు.

ఇబ్బందల్లా పెద్దవాళ్ల మాటలతోనే. మా వైపు చుట్టాల్లో కొందరు ఈ కూర రుచి చూసి, ‘మన కూరే, కాకపోతే పాపం అన్నీ మర్చిపోయారు’ అంటారు. ప్రేమగానే అంటారు. పాపకు తెలుగు బాగా అర్థమవుతుంది. ఒకరోజు నన్నడిగింది, ‘అమ్మా, డాడీ వాళ్లు సగం ఇండియన్సా?’ అని.

ఆ సగం అన్న మాట నాకు గుచ్చుకుంది. దాని దగ్గర కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. 1845 మే 30న ఫాటెల్ రజాక్ అనే ఓడ మనవాళ్లను ట్రినిడాడ్‌లో దింపింది. చెరకు తోటల్లో చాకిరీకి ఒప్పందం రాయించుకుని తీసుకెళ్లారు. 1917 దాకా అలా దాదాపు 1,44,000 మంది వెళ్లారు. ఎక్కువమంది ఇప్పటి ఉత్తరప్రదేశ్, బిహార్ వైపు నుంచి కలకత్తా రేవులో ఎక్కినవాళ్లు. మద్రాసు రేవులో ఎక్కిన వాళ్లలో తమిళులూ ఉన్నారు, తెలుగువాళ్లూ ఉన్నారు. షాడో బెనీ అమెరికా ఖండాల మొక్క. ఆ దీవుల్లో అందరికంటే ముందునుంచీ ఉన్న జనానికి తెలిసిన ఆకు. థైమ్, చైవ్ యూరప్ వాళ్లతో వచ్చాయి. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతివాళ్లు ఈ గ్రీన్ సీజనింగ్‌నే పట్టించి, పంచదార నల్లగా కాచి స్టూ చికెన్ చేస్తారు, పెలావ్ చేస్తారు. అంత కష్టంలో, పక్కింటివాళ్ల దగ్గర నేర్చుకుని, దొరికిన ఆకుతో కొత్త రుచి కట్టుకున్నారు మీ ఆజీ వాళ్ల పెద్దలు. అది మర్చిపోవడం ఎలా అవుతుంది? ఆ మాటకొస్తే మన గుంటూరు మిరపకాయ పుట్టిల్లు కూడా అమెరికా ఖండాలే. అది వచ్చాక మన వంట సగమైపోయిందని ఎవరూ అనరు.

పాపకు అన్నిటికంటే ఆ మిరపకాయ సంగతే నచ్చింది. ఇప్పుడు ఎవరడిగినా ‘నేను తెలుగు, ట్రినీ’ అంటుంది. రెండూ నిండుగానే పలుకుతుంది. మా ఇంట్లో సగం, పావు లెక్కలు పిల్లల ముందు ఎత్తవద్దని చుట్టాలకు నేనే చెప్పాను. ఒకరిద్దరు ముఖం ముడుచుకున్నారు. ఫర్వాలేదు.

మా పిన్ని మాత్రం, ‘అయితే ఆ పచ్చ మసాలా ఎలాగో చెప్పు, నేనూ చేస్తాను’ అంది. షాడో బెనీని మణిపూర్, మిజోరం వైపు వాడతారు గానీ కాకినాడ బజార్లో నేనెప్పుడూ చూడలేదు. కొత్తిమీర కాడలతో సహా రెండు కట్టలు, వెల్లుల్లి, ఉల్లికాడలు, పెరట్లో వాము ఆకు వేయమన్నాను. థైమ్ దొరక్కపోతే వాము ఆకే ఇంకాస్త పడాలి, పుదీనా మాత్రం వద్దు, దాని వాసన మిగతావాటిని మింగేస్తుంది. పండుగొప్ప ముక్కలకు పట్టించి వేయించేముందు పిన్ని మా అత్తగారికే ఫోన్ చేసింది. ‘వదినగారూ, ఉప్పు ముద్దలోనే కలపాలా, చేపకు పట్టించాలా?’ ఆజీ ఇంగ్లిష్ పిన్నికి అందదు, పిన్ని తెలుగు ఆజీకి రాదు. మధ్యలో మా పాప కూర్చుని చెప్పింది: ‘చేపకే, చిన్నమ్మమ్మా. ముద్దలో వేస్తే ఒక్కో కూరకి ఒక్కోలా అవుతుందట.’