ముట్టడిలో కొన్న పొలం

కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దానం కార్డు తీసేటప్పుడు చాలామందికి యిర్మీయా 29:11 రావాలని ఉంటుంది. ‘సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు.’ దాని ముందు వచనంలోనే 70 సంవత్సరాల బబులోను చెర సంగతి ఉందని కార్డు మీద వేయరు లెండి. నాకైతే కష్టకాలంలో అదే ప్రవక్త 32వ అధ్యాయం ఎక్కువ ధైర్యమిస్తుంది.

క్రీ.పూ. 587. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. పట్టణం పడిపోతుందని ప్రవచించినందుకు రాజైన సిద్కియా యిర్మీయాను చెరసాల ప్రాకారంలో పెట్టించాడు. అక్కడికి ఆయన తండ్రి తోడబుట్టినవాడి కొడుకు హనమేలు వచ్చి, ‘అనాతోతులో నా పొలం కొనుక్కో, దగ్గరి బంధువుగా దాన్ని విడిపించే హక్కు నీదే’ అన్నాడు. అనాతోతు అక్కడికి సుమారు 5 కిలోమీటర్లు. మధ్యలో శత్రుసైన్యం. పైగా ఒకప్పుడు యిర్మీయాను చంపాలని చూసింది ఆ ఊరివాళ్లే. మన దగ్గరైతే అలాంటి భూమికి ఎవరూ బయానా కూడా ఇవ్వరు.

అయినా అది దేవుని మాటేనని తెలుసుకుని యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. క్రయపత్రం రాసి ముద్ర వేశాడు, సాక్షుల చేత సంతకాలు చేయించాడు. ముద్ర వేసిన పత్రాన్నీ, వేయనిదాన్నీ తన లేఖకుడు బారూకు చేతికిచ్చి, చాలాకాలం చెడకుండా మట్టికుండలో పెట్టమన్నాడు.

ఇదంతా అయ్యాకే ప్రార్థనలో మనసు విప్పాడు. ముట్టడి దిబ్బలు కళ్లెదుటే ఉన్నాయి, కత్తీ కరువూ తెగులూ మీద పడ్డాయి, ఇప్పుడా ప్రభువా పొలం కొనమంటావు? దేవుడు ఆయన్ను గద్దించలేదు. ‘నాకు అసాధ్యమైన దేదైన నుండునా?’ అన్నాడు. పట్టణం కాలిపోదని మాత్రం అనలేదు. కాలుతుందనే చెప్పాడు, చెదరినవాళ్లను మళ్లీ రప్పిస్తాననీ చెప్పాడు. ఆస్పత్రి వరండాలో కూర్చున్నవాళ్లతో ‘విశ్వాసముంచు, అంతా సర్దుకుంటుంది’ అనేసి లేచి వచ్చేయడం మనకు అలవాటు. ఈ అధ్యాయంలో అంత చవకైన ఓదార్పు లేదు.

పరిశుద్ధాత్మ మన స్వాస్థ్యానికి సంచకరువు, అంటే బయానా, అంటాడు పౌలు, ఎఫెసీ 1:14లో. క్రీస్తు తన రక్తంతో వెల చెల్లించేశాడు, సంచకరువు మన చేతికొచ్చింది, స్వాధీనం మాత్రం ఇంకా కాలేదు. మన కన్నీళ్లన్నీ ఈ మధ్యకాలంలోవే.

యిర్మీయా ఆ పొలంలో అరక కట్టినట్టు బైబిల్లో ఎక్కడా లేదు. తర్వాత ఆయన్ను ఐగుప్తుకు తీసుకుపోయారు. చెర నుంచి తిరిగొచ్చినవాళ్ల లెక్క ఎజ్రా 2వ అధ్యాయంలో ఉంది. 23వ వచనం చూడండి: అనాతోతువాళ్లు 128 మంది.