పింగాణీ చిట్టా: ఏడో నెల

పాత పింగాణీ చైనాదా, జపాన్‌దా అని పోల్చుకోవడమే ఈ చిట్టా పని. ఈ నెల సంతల్లో వెనక్కి తిప్పి చూసిన పళ్లాలు, గిన్నెలు 40 దాకా ఉంటాయి. కొన్నవి రెండే. కానీ అసలు సంగతి కొత్తవాటిలో లేదు, మొట్టమొదట కొన్న పళ్లెంలో బయటపడింది.

అది 21 సెంటీమీటర్ల నీలం-తెలుపు పళ్లెం. అడుగున ఆరు చైనా అక్షరాలున్నాయి. మింగ్ వంశపు చెంగ్‌హ్వా కాలంలో చేసినదని వాటి అర్థం. ఆ కాలం 1465 నుంచి 1487 దాకా. అంత పాతది కాదని అప్పుడే తెలుసు. అయినా చైనాదేనని అమ్మినాయన అన్నాడు, నేనూ అలాగే రాసుకున్నాను.

మొన్న రాత్రి దీపాలు ఆర్పి, టార్చి ఏటవాలుగా వేసి అడుగు చూశాను. అక్షరాల చుట్టూ మూడు గరుకు చుక్కలు, ఒక్కొక్కటి ఆవగింజంత. వేలిగోటితో రాస్తే తగులుతున్నాయి. అవి ముళ్ల మచ్చలు. జపాన్‌లోని అరితాలో పెద్ద పళ్లాలు బట్టీ వేడికి మధ్యలో కుంగిపోయేవి. అందుకని అడుగున సన్నటి మట్టి ముళ్లు ఆనించి కాల్చేవాళ్లు. చల్లారాక వాటిని విరగ్గొడితే ఈ మచ్చలు మిగిలేవి. చైనా పింగాణీకి కేంద్రమైన జింగ్‌దెజెన్ నుంచి ఎగుమతైన నీలం-తెలుపు పళ్లాలకు ఇవి మామూలుగా ఉండవు. చైనా చక్రవర్తుల పేర్లతో ఉండే ఇలాంటి ముద్రలను అరితా కుమ్మరులు తరచూ వేసేవాళ్లు కాబట్టి, అక్షరాలను నేనిక ఆఖర్నే చదువుతాను. అయితే ఒక జాగ్రత్త: మచ్చలుంటే జపాన్ వైపు గట్టి సాక్ష్యం, లేకపోతే మాత్రం ఏదీ తేలినట్టు కాదు. చిన్న గిన్నెలకు ముళ్ల అవసరమే ఉండేది కాదు.

నేనుండే నెదర్లాండ్స్‌లో ఈ సరుకు దొరకడానికి కారణముంది. 1644లో మింగ్ పాలన కూలి చైనా సరుకు తగ్గిపోతే, డచ్ ఈస్టిండియా కంపెనీ అరితా వైపు మళ్లింది. 1659లో పెద్ద ఆర్డరే ఇచ్చింది. మన మచిలీపట్నంలో బట్టలు కొన్న కంపెనీ కూడా ఇదే. అరితా సరుకు ఇమారి రేవు మీదుగా వెళ్లేది కాబట్టి, నీలం, ఎరుపు, బంగారు రంగులు కలిసిన పింగాణీకి ఇమారి అన్న పేరు స్థిరపడింది. 18వ శతాబ్దంలో చైనావాళ్లు ఆ రంగులనే అనుకరించి అమ్మారు. చిక్కంతా ఇక్కడే.

ఈ నెల కొన్న రెండోది అలాంటి చైనా ఇమారి పళ్లెమే. చేతిలోకి తీసుకోగానే పలచగా, తేలిగ్గా అనిపించింది. అడుగున కుదురులాంటి రింగు అంచుకు గ్లేజు, అంటే గాజులాంటి పూత, లేదు. గ్లేజు ఆగిన చోట తుప్పు రంగులో సన్నటి గీత ఉంది. ఎరుపు పలచన, నారింజకు దగ్గర, కుంచె గీతలు లోంచి కనిపిస్తున్నాయి. జపాన్ ఎరుపు సాధారణంగా చిక్కగా, ముదురుగా ఉంటుంది. నీలం కూడా నలుపు వైపు మొగ్గుతుంది. ఈ ఎరుపును పగటి వెలుతురులోనే చూడాలి. బల్బు కింద రెండూ ఒకేలా ఉంటాయి, నేను రెండుసార్లు పొరబడ్డాను.

ఈ నెల కొన్నవాటిలో మొదటిది 8 యూరోల చిన్న గిన్నె. నీలం మరీ కొట్టొచ్చినట్టుంది, నమూనా చుట్టూ తిరిగి వచ్చి కలిసే చోట పువ్వు సగంలో తెగిపోయింది. అంటే చేత్తో గీసింది కాదు, జపాన్‌లో మెయిజీ కాలపు (1868–1912) అచ్చు పని. విలువ తక్కువే అయినా, ఆ అతుకు ఎలా ఉంటుందో కంటికి అలవాటు కావాలని కొన్నాను.

అడుగున ఇంగ్లిష్ అక్షరాల్లో 'నిప్పాన్' (జపాన్‌కు జపనీస్ పేరు) అని ఉన్నవాటిని పక్కన పెట్టేస్తున్నాను. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా పట్టుబట్టింది 1891 నుంచి. 1921లో ఆ మాట 'జపాన్'గా మారింది. వాటికి ఊహించే పని లేదు.

వచ్చే నెల లేవార్డెన్‌లోని ప్రిన్సెస్సెహోఫ్ అనే పింగాణీ, మట్టిపాత్రల మ్యూజియానికి వెళ్తున్నాను. అక్కడ పళ్లాలను తిప్పి చూడనివ్వరు కదా, అందుకని ఆ రోజంతా ఎరుపులే చూస్తాను.