జనగామ దాటాక విన్న నాలుగో పాట

రైలు జనగామ దాటుతుండగా, నాలుగో పాటలో ఆమె "యాది" అనే మాటకు ముందు ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకుంది. ఆ చప్పుడు కూడా ఇయర్‌ఫోన్లలో స్పష్టంగా వినిపించింది.

మా హనుమకొండ అమ్మాయి. ఇరవై ఏళ్లు నిండీ నిండని వయసులో ఎనిమిది పాటలతో తొలి ఆల్బమ్ తెచ్చింది. ఈ రోజు సికింద్రాబాద్ నుంచి కాజీపేట చేరేలోపు దాన్ని రెండుసార్లు విన్నాను.

మొదటి మూడు పాటలు నన్ను నిరాశపరిచాయి. వాటిలో ఆమె గొంతుకు ఆటో-ట్యూన్ వాడారు. 1997లో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ శ్రుతి తప్పిన గొంతును దగ్గరి స్వరానికి లాగుతుంది. ఆ లాగే వేగాన్ని బాగా పెంచితే ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారడం మాయమై, గొంతు మెట్లు మెట్లుగా వినిపిస్తుంది. శ్రుతి మీద ఇంత పట్టున్న అమ్మాయికి అది ఎందుకు అవసరమైందో నాకు అర్థం కాలేదు. పైగా ఆ పాటల్లో తన యాసను కూడా దాచుకుంది.

నాలుగో పాటలో డప్పు, గొంతు తప్ప మరేమీ లేవు. "వస్తున్నవా" అని మన ఇళ్లలో అన్నట్టే పొట్టిగా పలికి, ఆ తర్వాతి ఖాళీని డప్పుకు వదిలేసింది. చరణం చివర స్వరం కొంచెం కిందికి జారింది, దాన్ని ఎవరూ సరిదిద్దలేదు. నా కళ్లు చెమర్చాయి.

ఆరు, ఏడు పాటలు ఒకే బాణీకి రెండు చొక్కాలు తొడిగినట్టున్నాయి. ఎనిమిదోది మళ్లీ బాగుంది, కానీ రెండు నిమిషాలకే ముగిసింది.

కాజీపేటలో దిగి, ఇంటికి వెళ్లే ఆటోలో నాలుగో పాటనే మళ్లీ పెట్టుకున్నాను.