కొరియా ల్యాబులో పెన్నేరుగడ్డ

అమ్రాబాద్ అడవిలో మారేడుగడ్డ కావాలంటే తీగను వేళ్లతో సహా తవ్వాల్సిందే. మొక్క జోలికి పోకుండా వేరొక్కటే ఫ్లాస్కులో పెంచే పని కొరియా ల్యాబుల్లో ఉంది. పాలమూరులోనో, నల్లగొండలోనో బయోటెక్నాలజీ చదివి ఇటు వచ్చే పిల్లలకు పనికొచ్చే సంగతులివి.

పెన్నేరుగడ్డ, అంటే అశ్వగంధ సంగతి చూద్దాం. సూక్ష్మజీవుల్లేని మీడియాలో (పోషకాలు కలిపిన ఆహారంలో) మొలిచిన మొక్క ఆకును బ్లేడుతో గాట్లు పెట్టి, అగ్రోబ్యాక్టీరియం రైజోజీన్స్ (తన జన్యువును ఆకు కణంలో అతికించి వేళ్లు తెప్పించే బ్యాక్టీరియా) ద్రవంలో పది, పదిహేను నిమిషాలు ఉంచి, తడి అద్ది, హార్మోన్ లేని ఎంఎస్ (మురాషిగే-స్కూగ్) మీడియా మీద చీకట్లో 25 డిగ్రీల దగ్గర రెండు రోజులు పెట్టాలి. తర్వాత లీటరుకు 500 మిల్లీగ్రాముల సెఫోటాక్సిమ్ (బ్యాక్టీరియాను చంపే మందు) ఉన్న మీడియాకు మార్చాలి. రెండు మూడు వారాల్లో ఆకు ఈనెలు తెగిన చోట వేళ్లు లేస్తాయి. ఒక్కో వేరూ ఒక్కో లైన్, అంటే విడిగా పెంచాల్సిన వంశం. జన్యువు అతుక్కున్న చోటు ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి రెండిటినీ కలిపితే లెక్కంతా పాడు.

అసలు తంటా బ్యాక్టీరియాను వదిలించుకోవడమే. సెఫోటాక్సిమ్‌ను ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములు చంపే పాత్రలో) పెడితే వేడికి చెడిపోతుంది. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, మీడియా 50 డిగ్రీలకు చల్లారాక కలపాలి. సబ్‌కల్చర్ (కొత్త మీడియాకు మార్చడం) చేసినప్పుడల్లా మందును 250, 100 మిల్లీగ్రాములకు తగ్గిస్తూ చివరికి మానేయాలి. మందు ఉన్నన్నాళ్లు తేటగా కనిపించిన ఫ్లాస్కు, మానేసిన వారానికే మసకబారొచ్చు. పీసీఆర్‌లో (జన్యువును వెతికే పరీక్షలో) రోల్-బి, అంటే వేరులోకి చేరే బ్యాక్టీరియా జన్యువు రావాలి; వర్-డి, అంటే బ్యాక్టీరియాలోనే ఉండిపోయే జన్యువు రాకూడదు. వర్-డి వచ్చిందంటే మీ రోల్-బి కూడా వేరుది కాక బ్యాక్టీరియాదే అయ్యుండొచ్చు.

తర్వాత 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 50 మిల్లీలీటర్ల ద్రవ మీడియా, 3 శాతం చక్కెర, పీహెచ్ 5.8, అర గ్రాము పచ్చివేరు, ఊపే షేకర్ మీద 100 ఆర్‌పీఎం, చీకటి. వేళ్లు అల్లుకుని ఉండ కట్టాక లోపల గోధుమరంగు తిరిగితే గాలి అందడం లేదన్నమాట. షేకర్ వేగం పెంచితే వేళ్లు తెగి కాలస్ (రూపం లేని కణాల ముద్ద) అవుతాయి. మొదట్లోనే వేరు తక్కువ వేయడం మేలు.

వేరులో మందు గుణమున్న పదార్థాలు పెరగడానికి మిథైల్ జాస్మొనేట్ 100 మైక్రోమోలార్ పెరుగుదల ముగిసే ముందు వేయాలి. ముందే వేస్తే పెరుగుదలే ఆగిపోతుంది. దాన్ని ఇథనాల్‌లో కరిగిస్తాం కాబట్టి, కంట్రోల్ ఫ్లాస్కులోనూ (పోల్చడానికి జాస్మొనేట్ వేయకుండా ఉంచేది) అంతే ఇథనాల్ పోయాలి. ఆ పదార్థాల్లో వేరులో కొలవాల్సింది వితనోలైడ్-ఎ. వితఫెరిన్-ఎ ఎక్కువగా ఉండేది ఆకుల్లో.

ఇక్కడ 10,000 లీటర్ల ట్యాంకుల్లో పెంచే జిన్సెంగ్ వేరు వేరే రకం. దానికి బ్యాక్టీరియా ఉండదు, వేళ్లు తెప్పించే ఐబీఏ హార్మోన్‌తో తెప్పిస్తారు, అందుకే తినడానికి అమ్మగలుగుతున్నారు.

ఇంకోటి, ఊరి నుంచి విత్తనాలు సూట్‌కేసులో పెట్టుకు రావద్దు. ఇక్కడ ప్లాంట్ క్వారంటైన్ (బయటి మొక్కలు, విత్తనాల తనిఖీ) ఉంది, అక్కడ ఇండియాలో 2002 జీవవైవిధ్య చట్టం ఉంది. విదేశీ ల్యాబుకు విత్తనం కావాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి ముందు తీసుకోవాలి.